స్క్రూడ్రైవర్ అడిగితే

మార్చి 4, సోమవారం

స్టోయిక్ అనే ఇంగ్లీషు మాటకి నేను రాసిన కార్డు నాలుగోసారి తిరిగొచ్చింది. ఆఫీసులో అడుగు పెట్టి భుజం మీంచి సంచీ దించానో లేదో, బల్ల మీద నుంచి అది నన్నే చూస్తోంది. అర్థం మీద అడ్డంగా ఎర్ర గీత. కింద ముత్యాల్లాంటి అక్షరాలతో: "లోపల ఏమీ లేదా? ఉండి చూపించడం లేదా? తేల్చి రాయండి."

తేల్చి రాయాలట! ఇరవై మూడేళ్ళుగా ఈ నిఘంటువులో ఇంగ్లీషు మాటలకి తెలుగు అర్థాలు రాసి రాసి నా వేళ్ళు అరిగిపోయాయి. మా సంపాదకుడు గారు, అదే ఎర్ర పెన్సిల్, ఎదురుగా కూర్చుని గీతలు కొట్టి కొట్టి ఎన్ని పెన్సిళ్ళు అరగదీశాడో. మొదటిసారి "నిర్వికారమైన" అని రాశాను. "ఇది దేవుడికి. మనిషికి చెప్పండి" అన్నాడు. రెండోసారి "ఓర్పుగల". "గాడిదకీ సరిపోతుంది." మూడోసారి "నిబ్బరమైన". "ఇది మెచ్చుకోలు. ఆ మాటని ఎప్పుడూ మెచ్చుకోడానికే వాడతారా?" ఇప్పుడు "ఉద్వేగాలు లేని". దానికీ గీత. ఎస్ అక్షరం మొత్తం నెలాఖరుకి అచ్చుకి పోవాలి. ఈ ఒక్క మాట దగ్గర బండి ఆగిపోయింది. పైగా కార్డు వెనక ఉదాహరణ కూడా ఉండాలి, అది ఎవరో నిజంగా అన్న వాక్యమో రాసిన వాక్యమో అయి ఉండాలి. సొంతంగా అల్లితే ఒప్పుకోడు.

ఇవతల మా ఆయన ఆస్పత్రిలో. శనివారం ఒక పెద్ద భవనంలో లిఫ్టు బాగు చేస్తూ నిచ్చెన మీంచి జారి అడుగు గుంతలో పడ్డారు. మోకాలి కింద ఎముక రెండు చోట్ల విరిగింది. నిన్న ఆపరేషన్ చేసి, పాదం నుంచి మోకాలి దాకా పిండికట్టు వేశారు. శనివారం నేను పరుగెత్తుకుంటూ వెళ్ళేసరికి స్ట్రెచర్ మీద పడుకుని పైకప్పు వైపు చూస్తున్నారు. నన్ను చూసి అన్న మొదటి మాట, "ఆ ఫ్యాను ఊగుతోంది." కాలు విరిగిన మనిషి పెళ్ళాంతో అనే మాటేనా అది?

చేర్చుకునేటప్పుడు సిస్టర్ ఒక ఫారం ఇచ్చింది. చివరి గడిలో "రోగి గురించి మేము తెలుసుకోవలసింది ఏమైనా ఉందా?" అని ఉంది. అందరూ అక్కడ రామాయణం రాస్తారట. నేను ఒక్క మాట రాశాను. స్టోయిక్. ఆఫీసులో నన్ను ఏడిపిస్తున్న మాట అక్కడ ఎంత చక్కగా కుదిరిందో! సిస్టర్ చదివి, "భలే రాశారు మేడం, మనిషి మొత్తం ఒక్క మాటలో వచ్చేశాడు" అంది. ఈ మధ్య కాలంలో నాకు దక్కిన మెచ్చుకోలు అదొక్కటే.

గోడ మీద నోటీసులో "సందర్శకులు" తప్పు రాశారు. పెన్ను తీసి దిద్దాను. నాకేం, నేను బాగానే ఉన్నాను.

మార్చి 5, మంగళవారం

నొప్పి ఎంతుందో సున్నా నుంచి పది దాకా అంకె చెప్పమంటారట. మా ఆయన రెండు అన్నారట. రెండు! నాకు కాగితం అంచు వేలికి కోసుకుంటేనే నాలుగు.

మార్చి 6, బుధవారం

నాలుగింటికి విజిటింగు. మూడున్నరకే వెళ్ళి గేటు దగ్గర నిలబడ్డాను. తీరా లోపలికి వెళ్తే మంచం ఖాళీ. మంచాలన్నీ వెతుక్కుంటూ వెళ్ళాను. తీరా చూస్తే వార్డు ఆ చివర కిటికీ పక్కకి మార్చారు.

"ఇక్కడ మా బల్ల దగ్గర అరిచే వాళ్ళని ఉంచుతాం మేడం," అంది సిస్టర్. "బాబాయ్ మాకేం ఇబ్బంది పెట్టరు కదా. ఇంత మంచి పేషెంటుని నేను చూడలేదు."

మంచి పేషెంటు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. నిమ్మకు నీరెత్తినట్టు.

"ఏవండీ, నొప్పిగా ఉందా?"

"ఫరవాలేదు."

"ఫరవాలేదంటే ఉన్నట్టా, లేనట్టా?"

"ఉండాల్సినంత ఉంది."

"మడమ దగ్గర మంటగా ఉందని పొద్దున ఆయాతో అన్నారట?"

"దిండు సరిగ్గా లేదన్నాను. సరి చేసింది."

బెల్లం కొట్టిన రాయితో మాట్లాడినట్టే. గంటన్నర కూర్చున్నాను. పక్క మంచం వాళ్ళ సంగతులన్నీ నేనే వాళ్ళని అడిగి తెలుసుకున్నాను. ఈయన నోటి నుంచి మాత్రం లేచొచ్చేటప్పుడు ఒకే ఒక్క కోరిక బయటపడింది.

"రేపు వచ్చేటప్పుడు నా చిన్న స్క్రూడ్రైవర్ తీసుకురా. పసుపు పిడిది."

పళ్ళు కాదు, పేపరు కాదు, నువ్వు తొందరగా రా అని కాదు. స్క్రూడ్రైవర్! ఒళ్ళు మండిపోయింది. "అలాగే" అన్నాను.

నొప్పి మాత్ర "అడిగితే ఇవ్వాలి" అని కాగితంలో ఉంది. అడిగారా అంటే అడగలేదట. అంటే అవసరం లేదన్నమాట.

ఆఫీసులో "ఉలకని పలకని" అని రాసిచ్చాను. ఎర్ర పెన్సిల్ ఈసారి గీత కొట్టలేదు. కార్డు ఒక్క అంగుళం నా వైపు జరిపాడంతే. ఆ జరపడం గీత కంటే ఘోరం.

మార్చి 7, గురువారం

అత్తయ్యకి కొడుకు సంగతి చెప్పడానికి కూర్చుంటే తిరిగి కొడుకు గురించి నాకే చెప్పడం మొదలుపెట్టారు.

"మావాడు పుట్టినప్పుడే ఏడవలేదమ్మా. నర్సు నాలుగు దెబ్బలు వేస్తే అప్పుడు ఏదో ఆవిడ మీద జాలిపడి ఒకసారి కేర్‌మన్నాడు. ఎనిమిదేళ్ళప్పుడు చెట్టు మీంచి పడి చెయ్యి విరిగింది. ఏడ్చాడా? ఊహూఁ. మీ మామయ్య గారి మడత కుర్చీ ముందేసుకుని, ఉన్న ఒక్క చేత్తో మరలు బిగిస్తూ కూచున్నాడు. భోజనానికి పిలిస్తే రాలేదని వెళ్ళి చూస్తే అప్పుడు తెలిసింది, చెయ్యి వేలాడుతోందని!"

ఎంత గొప్పగా చెబుతారో! ఎనభై రెండేళ్ళ మనిషి, వాదించడం ఎందుకని ఊరుకున్నాను. నా పెళ్ళినాటి నుంచీ ఈ కథ నాకు నెలకోసారి తప్పదు.

సాయంత్రం స్క్రూడ్రైవర్ ఇచ్చాను. ఈయన మొహం కాస్త తేటపడింది. నన్ను చూసినప్పుడు లేని వెలుగు దాన్ని చూస్తే వచ్చింది. మంచం పక్కనున్న చిన్న అల్మరా తలుపు మరలు బిగించారు. తరవాత మంచం కడ్డీవి. తరవాత పక్క మంచం ఆయన్ని అడిగి ఆయన బల్లవి. నేను ఆఫీసు గొడవంతా చెప్పుకొచ్చాను. వింటున్నట్టే ఉన్నారు. మధ్యలో "ఊఁ" అన్నారు. నా మాటకో, మరకో తెలియదు.

"మీ కన్నా ఆ అల్మరా నయం," అన్నాను. "తెరిస్తే కనీసం కిర్రుమంటుంది."

"ఇప్పుడు అనదు," అన్నారు. "బిగించాను."

మార్చి 8, శుక్రవారం

నొప్పి ఇవాళ సున్నా అన్నారట. మంట కూడా పోయిందట. హమ్మయ్య.

మార్చి 9, శనివారం

ఈ మనిషితో నా తల ప్రాణం తోకకొస్తోంది.

వెళ్ళేసరికి పడుకుని ఉన్నారు. లేచి కూర్చోలేదు. చెయ్యి పట్టుకుంటే వెచ్చగా ఉంది. సిస్టర్‌ని పిలిస్తే, "కొంచెం ఒళ్ళు వెచ్చబడింది మేడం, ఆపరేషన్ తరవాత మామూలే. బాబాయ్ నొప్పి సున్నా అన్నారు, రాసుకున్నాం" అంది. కిటికీ పక్కన ఏదో ముక్కిపోయిన వాసన. పక్క మంచం ఆయన క్యారేజీ కడిగి ఉండరు. కిటికీ తలుపు తీశాను.

"ఏమైనా తిన్నారా?"

"తిన్నాను."

"ఏం తిన్నారు?"

స్క్రూడ్రైవర్ చేతిలో ఉంది. కిటికీ చట్రం మరని తిప్పుతున్నారు, అది ఎప్పుడో బిగిసిపోయింది, ఇంక తిరగదు. అయినా తిప్పుతున్నారు.

"ఇంటికొచ్చాక మాట్లాడదామనా? పోనీ అప్పటిదాకా నేనూ మౌనవ్రతం పడతాను" అని కుర్చీ అటు తిప్పుకుని కూర్చున్నాను. తిరిగొచ్చేటప్పుడు మెట్ల దగ్గర అగ్నిమాపక సూచనల బోర్డులో మూడు తప్పులు. నిలబడి మూడూ దిద్దాను. దిద్దిన వాటినే మళ్ళీ ఎందుకు దిద్దానో. ఎండలో నడిచొచ్చాను కదా.

నేను బాగానే ఉన్నాను. మనిషి అన్నాక కాస్త చిరాకు ఉండదా?

మార్చి 10, ఆదివారం, పొద్దున

సెలవే. అయినా స్టోయిక్ కార్డు ఇంటికి తెచ్చాను. ఇవాళ దీని అంతు చూస్తాను.

ఉదాహరణ దొరకనప్పుడు నేను చేసే పని ఒకటుంది, ఎర్ర పెన్సిల్‌కి తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది. నా పాత డైరీలు తీస్తాను. నిజంగా ఎవరో రాసిన వాక్యమే కదా, ఆ ఎవరో నేనైతే ఏం? మన నిఘంటువులో "కసిరింది", "విసుగెత్తింది", "ఛీ" కింద ఉన్న ఉదాహరణలన్నీ నావే.

ఇరవై ఆరేళ్ళ డైరీలు అటక మీంచి దింపాను. ఈయన మౌనం గురించి ఎక్కడ రాశానో వెతకాలి. ఎక్కడ రాయలేదని!

ఇదిగో, మామయ్య గారు పోయిన రోజు: "అందరూ ఏడుస్తున్నారు. ఈయన ఒక్క బొట్టు కార్చలేదు. వచ్చినవాళ్ళు కూర్చోడానికి తెచ్చిన ఇనప కుర్చీలన్నిటికీ మరలు బిగిస్తూ తిరుగుతున్నారు. మా పిన్ని చూసి ముక్కున వేలేసుకుంది."

ఇంకోటి. దీన్ని నేను తెరవను. ఇవాళ తెరిచాను. పాప నాలుగు రోజులు బతికి పోయిన రోజు. "ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాం. ఈయన ఒక్క మాట మాట్లాడలేదు. ఇంట్లో తలుపుల బందులన్నీ బిగించారు. పాప కోసం కొన్న మంచం మరలు కూడా బిగించారు, ఖాళీ మంచం. ఇంత రాయితో బతుకంతా ఎలా గడపాలి? ఆస్పత్రి కాగితంలో పాప బరువు పక్కన అక్షరం తప్పు రాశారు. నేను దిద్దాను."

రెండు కార్డులు రాసుకున్నాను. మూడోది అత్తయ్య చెప్పిన మడత కుర్చీ. మా ఆఫీసులో ఒక లెక్క ఉంది. ఒక మాట ఒక అర్థంలో ఒకసారి కనిపిస్తే పొరపాటు కావచ్చు. రెండుసార్లయితే కాకతాళీయం. మూడు చోట్ల దొరికితే అది వాడుక. ఇక ఆ అర్థం ఎక్కించి తీరాలి.

చెయ్యి విరిగితే. తండ్రి పోతే. పాప పోతే.

మూడు కార్డులూ బల్ల మీద పక్కపక్కన పెట్టి చూశాను. మూడింట్లోనూ మరలు.

బుధవారం స్క్రూడ్రైవర్ అడిగారు, గురువారం నుంచి అది చేతిలోనే ఉంది. తిరగని మరని తిప్పుతున్నారు.

మధ్యాహ్నం

చెప్పులు ఏవి వేసుకున్నానో కూడా చూసుకోలేదు. ఆటోలో కూర్చున్నాక గుర్తొచ్చింది, ఆ వాసన క్యారేజీది కాదు.

గేటు దగ్గర వాచ్‌మన్ నాలుగింటికి రమ్మన్నాడు. "నాలుగింటికి రావడానికి ఇది సినిమా కాదు" అని అతని చెయ్యి కిందనుంచి దూరి వెళ్ళిపోయాను. సిస్టర్ బల్ల దగ్గరే ఉంది.

"కట్టు విప్పండి."

"ఏమైంది మేడం?"

"ఆయనకి నొప్పిగా ఉంది."

"పొద్దున కూడా సున్నా అన్నారు మేడం." కాగితం చూపించింది.

"స్క్రూడ్రైవర్ అడిగారు! గురువారం నుంచి మరలు బిగిస్తున్నారు! మీకు అర్థం కాదా!"

సిస్టర్ నన్ను చూసిన చూపుకి నాకు కోపం రాలేదు. ఆ అమ్మాయి స్థానంలో నేనున్నా అలాగే చూసేదాన్ని. కాని మంచి పిల్ల. వాదించకుండా నాతో పాటు కిటికీ దాకా వచ్చింది. వంగి కట్టు దగ్గర వాసన చూసింది. మొహం మారిపోయింది. పరుగెత్తుకెళ్ళి డ్యూటీ డాక్టర్‌ని తెచ్చింది.

మడమ దగ్గర పిండికట్టుని చిన్న రంపంతో కోసి కిటికీలా తెరిచారు. నేను చూశాను. మడమ నల్లగా ఉంది. చుట్టూ చీము.

కట్టు అక్కడ బిగుసుకుని ఒత్తుకుపోయిందట. మొదట మంట పుడుతుందట, అప్పుడే విప్పితే ఏమీ కాదట. మంట పోయిందంటే తగ్గినట్టు కాదు, అక్కడ చర్మం చచ్చిపోయినట్టు. శుక్రవారం. సున్నా. హమ్మయ్య అని నేను డైరీలో రాసుకున్న రోజు.

"ఎందుకు చెప్పలేదండీ?" అన్నాడు డాక్టరు.

"అడిగారు. చెప్పాను," అన్నారు మా ఆయన.

"మంట పుడుతోందని సరిగ్గా చెప్పి ఉంటే..."

"ఇంతకన్నా ఎక్కువ పడుతున్నవాళ్ళు ఉన్నారు కదా ఇక్కడ."

నాకు పిచ్చి కోపం వచ్చింది. ఈయన మీద, డాక్టరు మీద, సిస్టర్ మీద, కిటికీ మీద. మంచం కొస నుంచి కాగితాల అట్ట లాక్కుని చూశాను. డ్యూటీ మారినప్పుడల్లా కొత్త సిస్టర్ పాత కాగితం చూసి మొదటి వరస దించుకుంటుంది. ఒక్కో రోజుకి మూడు చేతివ్రాతలు. అన్నిట్లోనూ ఒకటే మాట. స్టోయిక్. స్టోయిక్. స్టోయిక్, ఇబ్బంది లేదు. స్టోయిక్, మాత్ర అవసరం లేదు. స్టోయిక్, చివరి మంచానికి మార్చవచ్చు.

"ఎవరు రాశారు ఈ మాట?" అని అరిచాను. వార్డంతా తిరిగి చూసింది.

సిస్టర్ అట్టలో అన్నిటికన్నా అడుగునున్న కాగితం తీసి పైన పెట్టింది. చేర్చుకున్న ఫారం. చివరి గడి.

నాకు తెలుసు ఎవరు రాశారో. అరిచేటప్పుడు కూడా తెలుసు.

మార్చి 11, సోమవారం

ఆపరేషన్ చేసి చచ్చిన భాగం తీసేశారు. చీము ఎముక దాకా పోయిందో లేదో మూడు రోజుల్లో తెలుస్తుందట. పోకపోతే కాలు ఉంటుంది. పోతే, మోకాలి కింద నుంచి.

డాక్టరు ఆ వాక్యం పూర్తి చేయలేదు. నేనూ చేయను.

మార్చి 12, మంగళవారం

తెలియదు.

మార్చి 13, బుధవారం

తెలియదు. ఆపరేషన్ గది బయట బోర్డులో ఆరు తప్పులు.

ఎర్ర పెన్సిల్ ఆస్పత్రికి వచ్చాడు. వరండాలో బెంచీ మీద నా పక్కన, మధ్యలో ఒక మనిషి పట్టేంత చోటు వదిలి కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్సిల్.

"ఎస్ పేజీలు ప్రెస్సు వాళ్ళు అడుగుతున్నారు," అన్నాడు.

ఇరవై మూడేళ్ళుగా మింగిన మాటలన్నీ ఒక్కసారి పైకొచ్చాయి. "మీ ఎస్ అక్షరం తగలెయ్య! మా ఆయన కాలు తీసేస్తారో ఉంచుతారో తెలియక నేను ఇక్కడ చస్తుంటే మీకు అచ్చు కావాలా? మీరసలు మనిషేనా సార్? రాసుకోండి, నేనే చెబుతున్నా, స్టోయిక్ అంటే చీమూ నెత్తురూ లేనివాడు! ఉదాహరణ మీరే!"

మొహంలో ఒక్క గీత కదలలేదు.

"నేను చెప్పాల్సింది పూర్తి చేయలేదు," అన్నాడు. "వాళ్ళు అడుగుతున్నారు. ఆపమని చెప్పాను. మీరొచ్చేదాకా ఎస్ కదలదు. ముప్ఫై ఏళ్ళలో అచ్చు ఆపడం ఇదే మొదటిసారి. కార్డు మీ దగ్గరే ఉంచుకోండి."

లేచి నిలబడ్డాడు. వెళ్ళలేదు. మళ్ళీ కూర్చున్నాడు. సాయంత్రం ఆరింటి దాకా అలాగే కూర్చున్నాడు, కిమ్మనకుండా. మధ్యలో ఒకసారి వెళ్ళి రెండు టీలు తెచ్చాడు. నా దాంట్లో చక్కెర లేదు. నేను చక్కెర మానేసి మూడేళ్ళయింది, ఈ మనిషి ఎప్పుడు చూశాడో!

ఈ లోకంలో ఒక్కడైనా నోరు తెరిచి మాట చెప్పేవాడు లేడా నాకు?

మార్చి 14, గురువారం

ఎముక దాకా పోలేదు.

పోలేదు. కాలు ఉంటుంది. ఎముక దాకా పోలేదు.

అత్తయ్యకి ఫోన్ చేశాను. "ఆ రోజు మడత కుర్చీ వాడి దగ్గర్నుంచి లాక్కుని, ఒక దెబ్బేసి, చెప్పరా అని అడగాల్సింది నేను" అన్నారు. అని ఫోన్ పెట్టేశారు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

మార్చి 16, శనివారం

మడమకి తొడ చర్మం తెచ్చి అతుకుతారట. నడుస్తారు, కొంచెం ఈడుస్తూ. నిచ్చెనలు ఎక్కడం, లిఫ్టు గుంతల్లోకి దిగడం ఇక కుదరదన్నాడు డాక్టరు. ముప్ఫై ఏళ్ళ పని.

ఈయన విన్నారు. "కూర్చుని చేసే పనులు కూడా ఉంటాయి" అన్నారు. అని అల్మరా వైపు చెయ్యి చాపారు.

నేను స్క్రూడ్రైవర్ తీసి ఇవ్వలేదు. చేతిలోనే పట్టుకుని అడిగాను. "ముందు చెప్పండి. సున్నా నుంచి పది దాకా."

"కాలు మూడు."

"కాలు సంగతి కాదు."

నా వైపు చూశారు. "ఎనిమిది," అన్నారు.

అప్పుడు ఇచ్చాను. మంచం కడ్డీని మళ్ళీ మొదటి నుంచి బిగించుకుంటూ పోయారు. నేను రెండో పక్క పట్టుకున్నాను, ఊగకుండా.

మార్చి 18, సోమవారం

చర్మం అతికే వార్డుకి మార్చారు. కొత్త వార్డు, కొత్త ఫారం. చివరి గడి అదే. "రోగి గురించి మేము తెలుసుకోవలసింది ఏమైనా ఉందా?"

ఈసారి ఒక్క మాటతో పోనివ్వలేదు. గడి చాలక పక్క అంచు మీదికి కూడా రాశాను.

"ఈయన్ని నొప్పి ఎంత అని అడిగితే తగ్గించి చెబుతారు. మళ్ళీ అడగండి. మూడోసారి కూడా అడగండి. మాత్ర అడగరు, మీరే ఇవ్వండి. మొహం చూడొద్దు, చేతులు చూడండి. మరలు బిగిస్తుంటే నొప్పి ఉన్నట్టు. స్క్రూడ్రైవర్ అడిగితే డాక్టర్‌ని పిలవండి."

పాత వార్డు సిస్టరే మాతో వచ్చి అప్పగించింది. కాగితం రెండుసార్లు చదివింది. భలే రాశారు అనలేదు. కొత్త సిస్టర్‌ని పక్కకి పిలిచి, అక్షరం అక్షరం చదివి వినిపించి, అప్పుడు అట్టకి పెట్టింది.

మార్చి 20, బుధవారం

ఆఫీసుకి వెళ్ళాను. స్టోయిక్ కార్డు ఇచ్చాను.

ముందు వైపు: "బాధ ఉన్నా బయటికి తెలియనివ్వని." దాని కింద చిన్న అక్షరాలతో ఒక గమనిక, అడక్కుండానే రాశాను: "బాధ లేని అని అర్థం కాదు." వెనక వైపు, పాత డైరీలోని మాటలనే కాస్త మార్చి, ఉదాహరణ: "బిడ్డ పోయిన రోజు ఇంట్లోని మరలన్నీ బిగించిన ఆ స్టోయిక్ మనిషిని ఆమె రాయి అనుకుంది."

ఎర్ర పెన్సిల్ ముందు వైపు చదివాడు. తిప్పాడు. వెనక వైపు చదివాడు. మళ్ళీ తిప్పాడు.

"ఈ వాక్యం ఎక్కడిది?"

"ఒక డైరీలోది సార్."

"అచ్చయిన డైరీయా?"

"కాదు."

పెన్సిల్ తీశాడు. ఇంక అయిపోయింది అనుకున్నాను. కింద పొడి అక్షరాలతో సంతకం పెట్టి, ఎస్ కట్టలో దాని చోట్లో దోపాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. శుభ్రంగా ఉన్న కళ్ళజోడే. తుడుస్తూనే ఉన్నాడు. ఈసారి నేను అది చూశాను.

మార్చి 22, శుక్రవారం

చర్మం అతుక్కుంటోందట. ఇంకో పది రోజుల్లో ఇల్లు.

సాయంత్రం మంచం పక్కన కూర్చుని ఉన్నాను. కొత్తగా ఇచ్చిన మందుల సంచీ మీద "భోజనం తరువాత" అని రాయబోయి ఏదో రాశారు. పెన్ను తీసి దిద్దుతున్నాను.

"ఎంత?" అన్నారు మా ఆయన.

"ఏమిటి ఎంత?"

"సున్నా నుంచి పది దాకా."

"నాకేమైంది? పడింది మీరు. నేను బాగానే ఉన్నాను."

"ఆ పెన్ను ఇలా ఇవ్వు."

"ఎందుకు?"

"పాప పోయిన రోజు కూడా ఆస్పత్రి కాగితంలో తప్పు దిద్దావు. చూశాను. ఇక్కడికి వచ్చిన దగ్గర్నుంచీ ఈ భవనంలో బోర్డులన్నీ దిద్దేశావు. ఎంత?"

ఇరవై ఆరేళ్ళు! ఇరవై ఆరేళ్ళు చూసి, తెలిసి, నోరు మూసుకుని కూర్చున్నారా ఈ మనిషి! అదే అందామని నోరు తెరిచాను. అరుద్దామనే తెరిచాను.

"తొమ్మిది," అన్నాను.

అంతే. ఇంక ఆగలేదు. చుట్టూ జనం ఉన్నారని కూడా లేదు, భోరుమని ఏడ్చాను. పాప కోసం కూడా ఏడ్చాననుకుంటాను. మా ఆయన నా చేతిలోంచి పెన్ను తీసుకుని, మూత పెట్టి, తన జేబులో పెట్టుకున్నారు. నా చెయ్యి మాత్రం వదల్లేదు.

ఏడుపు విని కొత్త సిస్టర్ పరుగెత్తుకొచ్చింది. అట్ట చేతిలోకి తీసుకుంది, గడియారం చూసుకుంది.

"నొప్పి ఎవరికి?" అని అడిగింది.

"ఇద్దరికీ," అన్నారు మా ఆయన.